40 డిగ్రీల ఎండలో ఫోన్‌కు చలి! థర్మిస్టర్‌ను మల్టీమీటర్‌తో చెక్ చేయడం ఎలా?

కర్నూలు జిల్లా పెద్దకడుబూరు. మే నెల మధ్యాహ్నం, బయట 40 దాటింది, గదిలోనే 38 డిగ్రీలు. మా చిన్నాయన తన పాత ఫోన్‌ను చార్జింగ్‌కు పెడితే స్క్రీన్ మీద మెసేజ్ వచ్చింది: బ్యాటరీ మరీ చల్లగా ఉంది, చార్జింగ్ ఆపేశాం!

"ఏందిరా ఇది, మనం ఎండకు మాడిపోతాంటే దీనికి చలేస్తాందా?" అన్నాడు చిన్నాయన.

నవ్వొచ్చే మాటే గానీ, తప్పు ఎక్కడుందో ఆ మెసేజే చెప్పేసింది.

అసలు లోపల ఏముంది?

తీసి పెట్టుకునే బ్యాటరీలకు + − కాకుండా మరో ఒకటి, రెండు పిన్నులు ఉంటాయి. చాలా వాటిలో 'టి' అనే పిన్ వెనకాల ఎన్‌టీసీ థర్మిస్టర్ ఉంటుంది. వేడి పెరిగితే దీని రెసిస్టెన్స్ తగ్గుతుంది, చల్లబడితే పెరుగుతుంది. సిల్వర్ సల్ఫైడ్‌లో ఈ గుణాన్ని మైకేల్ ఫారడే 1833లోనే గమనించాడు.

ఫోన్‌కు చర్మం లేదు కదా, ఈ రెసిస్టెన్స్ చూసే టెంపరేచర్ లెక్కేసుకుంటుంది. థర్మిస్టర్ తెగిపోతే రెసిస్టెన్స్ అనంతం, అంటే ఫోన్ దృష్టిలో గడ్డకట్టే చలి. షార్ట్ అయితే సున్నా, అంటే మంట! లిథియం బ్యాటరీలను మామూలుగా 0 నుంచి 45 డిగ్రీల మధ్యే చార్జ్ చేయాలి కాబట్టి రెండు సందర్భాల్లోనూ చార్జింగ్ ఆగిపోతుంది.

టెస్ట్ ఇలా చేయండి

1. బ్యాటరీని ఫోన్ నుంచి బయటికి తీయండి. పిన్నులను రబ్బరుతో శుభ్రం చేయండి. ఒక్కోసారి సమస్య ఇక్కడే తీరిపోతుంది.

2. మీటర్‌ను ఓమ్స్‌లో 20కె రేంజ్‌కు తిప్పండి. ఒక ప్రోబ్ 'టి' మీద, ఇంకోటి '−' మీద పెట్టండి. '+' జోలికి వెళ్లొద్దు. ప్రోబ్ జారి +, − కలిస్తే షార్ట్ అవుతుంది.

3. డిస్‌ప్లేలో ఎడమ పక్కన ఒక్క '1' కనిపిస్తే వెంటనే పోయిందనుకోకండి. ఆ రేంజ్ చాలలేదని అర్థం. 200కె, ఆ తర్వాత 2000కె పెట్టి చూడండి.

చిన్నాయన బ్యాటరీ అన్ని రేంజుల్లోనూ '1' చూపించింది. ఓపెన్! కొత్త బ్యాటరీ తెప్పించాం.

నేను చేసిన తప్పు

కొత్తది వచ్చాక దాన్నీ కొలిచా. స్పెక్ ప్రకారం 10 కిలో ఓమ్స్ ఉండాలి. మీటర్‌లో 6.2 మాత్రమే! ఇదీ డిఫెక్ట్ పీసే అనుకుని రిటర్న్ పెట్టబోయా. అప్పుడు గుర్తొచ్చింది, ఆ 10కె అనేది 25 డిగ్రీల దగ్గర లెక్క. మే నెలలో మా ఊళ్లో ఏసీ లేకుండా 25 డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయి?

బీటా విలువ 3435 ఉండే 10కె ఎన్‌టీసీకి లెక్క సుమారుగా ఇలా ఉంటుంది:

0 డిగ్రీలు: 28 కిలో ఓమ్స్
25 డిగ్రీలు: 10
28 డిగ్రీలు: 8.9
38 డిగ్రీలు: 6.2
45 డిగ్రీలు: 4.9

అంటే మీటర్ కరెక్ట్, బ్యాటరీ కరెక్ట్, నా అంచనానే తప్పు. మర్నాడు తెల్లవారుజామున మళ్లీ కొలిస్తే 8.8 దాకా పెరిగింది. థర్మిస్టర్ బాగుందనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

అందుకే ఒక్క రీడింగ్ చూసి తీర్పు చెప్పొద్దు. వేడిలో ఒకసారి, చల్లదనంలో ఒకసారి కొలవండి. నంబర్ సాఫీగా మారాలి. అస్సలు మారకపోతే అది థర్మిస్టర్ కాకుండా బ్యాటరీ రకాన్ని ఫోన్‌కు చెప్పే మామూలు రెసిస్టర్ అయ్యుండొచ్చు. కొన్ని మోడల్స్‌లో 47కె, 100కె థర్మిస్టర్లు కూడా వాడతారు.

వేళ్లతో పట్టుకుంటే విలువ తగ్గాలని చాలా చోట్ల చెబుతారు. 38 డిగ్రీల గదిలో మన వేళ్లే థర్మిస్టర్ కంటే చల్లగా ఉంటాయి, కాబట్టి ఆ టెస్ట్ ఇక్కడ తలకిందులవుతుంది! విడి థర్మిస్టర్ అయితే ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఐస్ నీళ్లలో ముంచండి. అక్కడ 0 డిగ్రీలు ఏ ఊళ్లోనైనా ఒకటే. 28కె వస్తుంది కాబట్టి 200కె రేంజ్ పెట్టుకోండి. బ్యాటరీని మాత్రం నీళ్లలో ముంచొద్దు.

ఈ జుగాడ్ మాత్రం వద్దు

తెగిన థర్మిస్టర్ స్థానంలో మామూలు 10కె రెసిస్టర్ అతికిస్తే మెసేజ్ పోతుంది, చార్జింగ్ ఎక్కుతుంది. కానీ ఆ ఫోన్ ఎప్పటికీ 25 డిగ్రీల్లోనే ఉన్నాననుకుంటుంది. ట్రాక్టర్ మీద ఎండలో 55 డిగ్రీలకు కాలుతున్నా చార్జింగ్ ఆపదు. బ్యాటరీ ఉబ్బడానికి, అంటుకోవడానికి అదే దారి. మన ఎండలకు ఆ చిన్న ముక్కే కాపలా, దాన్ని మోసం చేయకండి.