ఇంట్లోనే వ్యాపారమా? ముందు ఇంటి సంగతి చూడండి

డిగ్రీ చేతికొచ్చింది. క్యాంపస్ ఎంపికల్లో అవకాశం దక్కలేదు. గ్రూప్స్ నోటిఫికేషన్ ఎప్పుడో తెలియదు. ఈలోగా ఖాళీగా కూర్చోవడం ఎందుకని ఇంట్లోనే ఏదో ఒకటి మొదలుపెట్టేవారు మన కాలేజీల్లో చాలామందే. ముందు గదిలో ట్యూషన్లు, వంటింట్లో కేకులు, మేడ మీద మగ్గం వర్క్, ఓ మూల టీషర్టులపై ప్రింటింగ్. షాపు అద్దె లేదు, లక్షల్లో అడ్వాన్సు లేదు. దెబ్బతిన్నా పోయేది తక్కువే కదా అన్న ధైర్యం.

ధైర్యం మంచిదే. కానీ ఈ లెక్కలో ఒక పద్దు చాలామంది రాసుకోరు. ఆరు నెలలు బాగా నడిచాక పక్కింటివాళ్లు కార్పొరేషన్‌కు ఫిర్యాదు చేస్తే? కరెంటు తనిఖీకి వచ్చినవాళ్లు మీటరు వివరాలు రాసుకుని వెళ్తే? ‘ఏమ్మా, ఉండటానికని తీసుకుని హోటల్ పెట్టావేంటి?’ అని ఓనరు నిలదీస్తే? అమ్మ చిట్టీ పాడి కొనిచ్చిన ఓవెన్ మూలన పడుతుంది. ఆలోచన బాగాలేక కాదు. అది నడుస్తున్న చోటు ఎలాంటిదో చూసుకోకపోవడం వల్ల.

వ్యాపారం పెట్టాలనుకోగానే అందరూ వెతికేది ఉద్యమ్, జీఎస్టీల గురించే. అవి మీ వ్యాపారానికి గుర్తింపునిచ్చే కాగితాలు. ‘ఈ ఇంట్లో ఈ పని చేయొచ్చా?’ అన్న ప్రశ్నకు ఆ రెండూ జవాబు చెప్పవు. ఆ జవాబు పట్టణ ప్రణాళిక విభాగం దగ్గర, ఇంటి యజమాని దగ్గర, అపార్ట్‌మెంట్ సంఘం దగ్గర, విద్యుత్ సంస్థ దగ్గర తలా కొంచెం ఉంటుంది. ఒకేచోట దొరకదు. చిన్నవాళ్లకు అదే పెద్ద ఇబ్బంది.

ఇల్లు ఎక్కడ షాపవుతుంది?

హైదరాబాద్‌కు హెచ్‌ఎండీఏ, విజయవాడ, గుంటూరు ప్రాంతానికి సీఆర్‌డీఏ, విశాఖకు వీఎంఆర్‌డీఏ... ఇలా పట్టణాలకు మాస్టర్ ప్లాన్లు ఉంటాయి. ఏ ప్రాంతం నివాసాలకు, ఏది వాణిజ్యానికి, ఏది పరిశ్రమలకు అన్నది అందులో రంగులతో గుర్తిస్తారు. మీ వీధి నివాస జోన్‌లో ఉంటే అక్కడ ఏ వ్యాపారం చేసినా తప్పేనా? కాదు. ఇంట్లో ఉంటూ చేసుకునే చిన్న పనులను ప్రణాళికల నిబంధనలు విడిగా చూస్తాయి. చిక్కంతా ‘చిన్న’ అంటే ఎంత అన్న దగ్గరే.

దీనికి ఒక మంచి కొలబద్ద ఉంది. భారతీయ ప్రమాణాల సంస్థ రూపొందించిన జాతీయ భవన నిర్మాణ స్మృతి ఇంటి వృత్తి అంటే ఏమిటో నిర్వచించింది. దాని సారం ఇదీ: ఆ ఇంట్లో ఉండే కుటుంబ సభ్యులే పని చేయాలి, జీతానికి మనిషిని పెట్టకూడదు. లోపల వ్యాపారం నడుస్తోందని బయటికి తెలిసేలా బోర్డు, ప్రదర్శన ఉండకూడదు. అక్కడ తయారైనదే అమ్మాలి తప్ప బయట నుంచి తెచ్చినవి అమ్మకూడదు. ఇళ్లలో మామూలుగా వాడేవి తప్ప యంత్రాలు ఉండకూడదు. చుట్టుపక్కలవారికి ప్రమాదం కలగకూడదు. జనం వచ్చి కూర్చుని తినే, తాగే చోటు అసలు ఈ లెక్కలోకే రాదు.

ఇప్పుడు మీ ఆలోచనను దీనిమీద పెట్టి చూడండి. ఆర్డర్ వచ్చినప్పుడు కేకు చేసి పంపడం గీతకు ఇవతలే ఉంటుంది. గేటు పక్కన కౌంటర్ పెట్టి సాయంత్రం కర్రీ పాయింట్ నడిపితే గీత దాటినట్టే. అమ్మాయి, అమ్మ కలిసి బ్లౌజులు కుడితే ఇంటి పని. ముగ్గురు వర్కర్లను కూర్చోబెట్టి బొటిక్ బోర్డు తగిలిస్తే షాపు. ఒక్క సహాయకురాలిని పెట్టుకున్నా గీత దాటినట్టేనా అంటే, ఆ నిర్వచనాన్ని అక్షరాలా చదివితే అవును. ఇది మరీ కఠినమనే అనిపిస్తుంది.

అంతకంటే ఆశ్చర్యం చీరల సంగతి. సూరత్ నుంచి బేళ్లు తెప్పించి ఇన్‌స్టాగ్రామ్ లైవ్‌లో అమ్మేవారి ఇంటికి ఒక్క కస్టమరూ రాడు, వీధికి ఏ ఇబ్బందీ లేదు. అయినా అవి అక్కడ తయారైనవి కావు కాబట్టి ఈ నిర్వచనంలో ఇమడవు. ఇంట్లోనే ఎంబ్రాయిడరీ చేసి అమ్మితే ఇముడుతుంది. కొరియర్ కాలానికి ఈ నిర్వచనాన్ని మార్చాల్సిందే.

అయితే ఈ స్మృతి ఒక నమూనా మాత్రమే. చివరికి చెల్లేది మీ ఊరి మాస్టర్ ప్లాన్, భవన నిబంధనలు ఏం చెబితే అది. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో అయితే వార్డు సచివాలయంలోని ప్రణాళిక కార్యదర్శిని, తెలంగాణలో మున్సిపాలిటీ లేదా సర్కిల్ కార్యాలయంలోని టౌన్ ప్లానింగ్ విభాగాన్ని అడగండి. ‘వ్యాపారం పెట్టుకోవచ్చా సార్?’ అని అడిగితే ‘చూద్దాంలే’ అనే జవాబొస్తుంది. ఇంటి పన్ను రసీదు తీసుకెళ్లి, ‘ఈ డోర్ నంబరు ఏ జోన్‌లో ఉంది? ఈ రోడ్డును కమర్షియల్ రోడ్డుగా ప్రకటించారా? ఇంత విస్తీర్ణంలో ఈ పని చేస్తాం, ట్రేడ్ లైసెన్సు కావాలా?’ అని స్పష్టంగా అడగండి. నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. రాసి ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ట్రేడ్ లైసెన్సును ఏపీ మున్సిపాలిటీల్లో డీ అండ్ ఓ లైసెన్సు అంటారు. డేంజరస్ అండ్ అఫెన్సివ్, అంటే ప్రమాదకరమైనవి, ఇబ్బంది కలిగించేవి అని! పేరు చూసి కంగారు పడొద్దు, మామూలు వ్యాపారాలు చాలా ఆ జాబితాలో ఉంటాయి. రుసుము విస్తీర్ణాన్ని, వ్యాపార రకాన్ని బట్టి, కొన్నిచోట్ల రోడ్డు వెడల్పును బట్టి మారుతుంది. గ్రామాల్లో జోన్ల గొడవ తక్కువే. కానీ పిండిమరో, నూనె గానుగో బిగించి మోటారు పెట్టాలంటే పంచాయతీ అనుమతి కావాలి.

‘మా వీధిలో అందరూ నడుపుతున్నారు కదా’ అనే మాట చాలాసార్లు వినిపిస్తుంది. ఢిల్లీలో ఏళ్ల తరబడి నివాస ప్రాంతాల్లో అలాగే దుకాణాలు నడిచాయి. 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశంతో సీలింగ్ మొదలైంది. తర్వాత నిబంధనలు మార్చి కొందరికి ఊరటనిచ్చారు గానీ, తాళాలు పడిన రోజున ‘అందరూ చేస్తున్నారు’ అనే వాదన ఎవరినీ కాపాడలేదు.

మీటరు, అద్దె కాగితం

అసలు దెబ్బ ఎక్కువగా తగిలేది కార్పొరేషన్ నుంచి కాదు, కరెంటు మీటరు నుంచి. ఇంటి కనెక్షన్ గృహ వినియోగానికి ఇచ్చింది. రెండు రాష్ట్రాల్లోనూ వాణిజ్య వినియోగం వేరే కేటగిరీ, యూనిట్ ధర కూడా ఎక్కువే. ఇంటి మీటరు మీద వ్యాపారం నడిపితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అది అనధికార వినియోగం. వర్తించాల్సిన టారిఫ్‌కు రెట్టింపు లెక్కన వసూలు చేస్తారు. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు కడతారు. నిరుడు మొదలుపెట్టిన చిన్న బేకరీకి ఏడాది లాభం అందులోనే పోవచ్చు. ముందుగా తాత్కాలిక ఉత్తర్వు ఇస్తారు, దానిమీద అభ్యంతరం చెప్పే హక్కు మీకుంది. నోటీసు రాగానే భయపడి ఊరుకోవద్దు. పెద్ద ఓవెన్, డీప్ ఫ్రీజర్, ప్రింటింగ్ మెషీన్ పెట్టేవారు ముందే వేరే మీటరుకు దరఖాస్తు చేసుకోవడం మేలు. కుటీర పరిశ్రమలకు ప్రత్యేక కేటగిరీ కూడా ఉంది. మీ పని అందులోకి వస్తుందేమో సెక్షన్ ఆఫీసులో ఏఈని అడగండి.

అద్దె ఇంట్లో ఉంటే ఒప్పందం తీసి చదవండి. ‘నివాస అవసరాలకు మాత్రమే’ అన్న వాక్యం దాదాపు ప్రతి కాగితంలో ఉంటుంది. అది లేకపోయినా, ఏ అవసరానికి అద్దెకు తీసుకున్నారో దానికి తప్ప మరో పనికి వాడకూడదని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతోంది. ఓనరుకు తెలియకుండా నెట్టుకురావడం కంటే ముందే చెప్పి, ఒక సమ్మతి పత్రం రాయించుకోవడం నయం. వ్యాపారం వల్ల ఇంటి పన్ను నివాసేతర రేటుకు మారితే ఆ తేడా ఎవరు కట్టాలన్నదీ అందులోనే రాసుకోండి. ఓనర్లు వెనకాడేది ఎక్కువగా దీనికే. సొంత ఫ్లాటే అయినా సంఘం నియమావళి చూడాల్సిందే. లిఫ్టు, పార్కింగ్, వాచ్‌మన్ అందరివీ. రోజుకు 30 మంది డెలివరీ బాయ్‌లు గేటు దగ్గర ఆగితే అభ్యంతరం రాకుండా ఉండదు.

ఇక్కడ ఒక మాట. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కోడింగ్, డిజైనింగ్, అనువాదాలు చేసేవారు ఇదంతా చదివి బెంగపడనక్కర్లేదు. మనుషుల రాకపోకలు, సరకు, యంత్రం, బోర్డు ఏవీ లేవు కాబట్టి వీధికి సంబంధించిన నిబంధనలతో వారికి పేచీ రావడం అరుదు. ట్యూషన్లు కూడా పదిమంది పిల్లల వరకు సాధారణంగా ఎవరికీ ఇబ్బంది కాదు. 2024 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు కోచింగ్ సెంటర్‌గా చూసింది 50 మందికి మించి విద్యార్థులున్న వాటినే. అయితే సంఖ్య పెరిగేకొద్దీ చెప్పులు, సైకిళ్లు, స్కూటీలు వీధిలోకి వస్తాయి. ఫిర్యాదు మొదలయ్యేది అక్కడే.

వంటింటి నుంచి వ్యాపారం

తినే వస్తువు ఏది అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు తప్పనిసరి. ఇంట్లో వండినా, నెలకు పది డబ్బాలే అమ్మినా సరే. 2011 నాటి నిబంధనలు ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు అమ్మకాలున్నవారిని చిన్న వ్యాపారులుగా లెక్కించి, 100 రూపాయల వార్షిక రుసుముతో లైసెన్సు బదులు నమోదు సరిపోతుందన్నాయి. ఈ పరిమితులు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు రోజున ఫోస్కోస్ పోర్టల్లో చూసుకోండి. వచ్చే 14 అంకెల నంబరును లేబుల్ మీద వేయాలి. ప్యాక్ చేసి అమ్మితే తూనికలు, కొలతల శాఖ నిబంధనల ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, తయారైన నెల, ఎమ్మార్పీ, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి. చిరునామా వేయాలి కాబట్టి మీ ఇల్లు ఇక దాగదు. ఇంటి సంగతి ముందు చూసుకోమనడానికి ఇదీ ఒక కారణం.

ఇంకో పొరపాటు గ్యాస్ బండ. 14.2 కిలోల ఇంటి సిలిండర్ ఇంటి వంటకే. అమ్మకానికి వండితే 19 కిలోల వాణిజ్య సిలిండర్ తీసుకోవాలి. పౌరసరఫరాల అధికారులు తనిఖీల్లో ముందు చూసేది దాన్నే.

సబ్బులు, ఫేస్‌ప్యాక్‌లు చేసేవారికి దారి మరీ ఇరుకు. ‘సహజసిద్ధమైనవే కదా’ అనుకుంటారు. సబ్బు కూడా చట్టం దృష్టిలో సౌందర్య సాధనమే. తయారు చేసి అమ్మాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు కావాలి. దానికి అడిగే గది, పరికరాలు, అర్హత ఉన్న సిబ్బంది ఇంటి వంటగదిలో కుదరని పని. లైసెన్సున్న యూనిట్‌లో చేయించుకుని అమ్మడమే ఇందులో నడిచే దారి.

ఆవకాయకు ఒక లెక్క, అప్పడానికి ఒక లెక్క

జీఎస్టీ విషయంలో రెండు రాష్ట్రాలకు తేడా ఉంది. వస్తువులు అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల రూపాయలు దాటితేనే నమోదు. తెలంగాణలో 20 లక్షలే. సేవలకు రెండుచోట్లా 20 లక్షలు. ఇది చాలామందికి తెలుసు. తెలియంది ఇంకోటి ఉంది. పన్ను వర్తించే వస్తువును వేరే రాష్ట్రానికి అమ్మితే అమ్మకాలు ఎంత తక్కువైనా నమోదు తప్పదు. గుంటూరులో పెట్టిన ఆవకాయను హైదరాబాద్‌లోని కస్టమరుకు కొరియర్ చేస్తే, అమ్మినవాళ్లకీ కొన్నవాళ్లకీ అది మన ఊరి పచ్చడే కావచ్చు, చట్టానికి మాత్రం అంతర్రాష్ట్ర అమ్మకం. అదే గుంటూరు నుంచి అప్పడాలు మాత్రమే అమ్మితే ఆ బెడద లేదు, అప్పడాలకు జీఎస్టీ మినహాయింపు ఉంది. నోటిఫై చేసిన హస్తకళా వస్తువులకు, బయటి రాష్ట్రాలకు అందించే సేవలకు పరిమితి వరకు వెసులుబాటుంది. 2023 అక్టోబరు నుంచి నమోదు లేనివారు కూడా ఈ-కామర్స్ సైట్ల ద్వారా అమ్ముకోవచ్చు, కానీ సొంత రాష్ట్రం లోపలే. అమ్మానాన్నల ఇంటి చిరునామాతో జీఎస్టీ తీసుకుంటే ఇంటి పన్ను రసీదో, కరెంటు బిల్లో, దానికి తోడు వారి సమ్మతి పత్రం జతచేయాలి.

ఉద్యమ్ నమోదు 2020 జులైలో మొదలైంది. ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అయిపోతుంది, బ్యాంకు రుణాలకు పనికొస్తుంది. దానికి ప్రభుత్వం పైసా కూడా తీసుకోదు. వెతికితే ముందు కనిపించే సైట్లలో కొన్ని అచ్చం సర్కారు సైటులాగే ఉండి వెయ్యో, రెండు వేలో కట్టమంటాయి. డబ్బు అడిగిందంటే అది అసలు సైటు కాదు.