ఒకటి రెండుగా కనిపిస్తే...

ఆకాశంలో చంద్రుడు ఒక్కడే. కాని ఒక్కొక్కరికి హఠాత్తుగా ఇద్దరు చంద్రులు కనిపిస్తూ వుంటారు. అద్దాలు మారిస్తే సరిపోతుందిలే అని చాలామంది సరిపెట్టుకుంటారు. అంతటితో పోయేది కాదేమో చూసుకోవాలి.

కనుగుడ్డు ఎముకలతో ఏర్పడిన చిన్న గూటిలో, కొవ్వు మెత్తమీద అమరి వుంటుంది. దాన్ని తిప్పే కండరాలు ఆరు. వాటిని నడిపేవి మెదడునుంచి వచ్చే మూడు నరాలు. కన్నును కణతవైపు తిప్పే కండరం ఒక నరానిది. మరో నరానికీ ఒక్కటే కండరం. మిగిలిన నాలుగూ, పైరెప్పను ఎత్తే కండరమూ మూడో నరం ఆధీనంలోవి. రెండు కళ్ళూ జోడెద్దుల్లా కలిసి నడిస్తేనే మనకు వస్తువు ఒకటిగా కనిపిస్తుంది.

మన పెద్దలు రాచపుండు అన్న కాన్సరు ఒక్కొక్కప్పుడు పుట్టినచోట వుండదు. దాని కణాలు రక్తంలో కొట్టుకుపోయి, అరుదుగా ఈ కంటిగూటిలో పాతుకుంటాయి. ఇలా వచ్చేవాటిలో రొమ్ము కాన్సరు ముఖ్యమైనది. గూడు ఇరుకు గనుక గడ్డ పెరిగితే నరం నలుగుతుంది, కండరం బిగుసుకుంటుంది. కన్ను ముందుకు పొడుచుకు వస్తుంది, రెప్ప వాలుతుంది, ఒకటి రెండుగా కనిపిస్తుంది. విచిత్రమేమంటే, ఒక రకం రొమ్ము కాన్సరు గట్టిపడి కన్నును లోపలికి లాగేస్తుంది. చూసేవారు రెండో కన్నే ఉబ్బిందని భ్రమపడతారు!

రొమ్ముకు ఆపరేషను జరిగి, నయమైందనుకున్న ఎన్నో ఏళ్ళకు కూడా ఇలా రావచ్చు. కంటి డాక్టరుకు ఆ పాత సంగతి ఎందుకని ఆమె ఊరుకుంటే రోగం అంతుపట్టడం ఆలస్యమవుతుంది. కొందరిలోనైతే కాన్సరు వున్నట్టు మొదట తెలిపేది కన్నే.

ఇంట్లో ఒకటి చేసి చూడవచ్చు. ఏ కన్ను మూసినా రెండో బొమ్మ పోతే, కళ్ళ పొత్తు చెడిందన్నమాట. ఒక కన్ను మూసినా రెండుగానే కనిపిస్తే, తెరచిన కంటిలోనే శుక్లం వంటి లోపం వుండవచ్చు.

ఇలా కనిపించినంత మాత్రాన కాన్సరే అని బెంబేలు పడనక్కరలేదు. మధుమేహంవల్లనూ ఈ నరాలు దెబ్బతింటాయి; అది సాధారణంగా కొద్ది నెలల్లో సర్దుకుంటుంది. ఏదైనదీ డాక్టరే స్కాను తీయించి, అవసరమైతే చిన్న ముక్క పరీక్షించి తేల్చాలి. కాన్సరే అయినా రేడియేషనుతో, మందులతో గడ్డను కుదించి, నొప్పి తగ్గించి, చాలామందికి చూపు నిలబెట్టవచ్చు. అందుకే ఆలస్యం చేయకండి. పాత జబ్బు కాగితాలు వెంట తీసుకువెళ్ళండి.