‘షుగరున్న కాలికి కత్తి పెట్టకూడదు’ అన్న మాట నిజమేనా?

పులివెందుల చీనీ తోటల్లోనో, జమ్మలమడుగు పొలం గట్ల మీదో కాలిలో దిగిన ముల్లు చాలాసార్లు దానంతటదే మానిపోయే చిన్న గాయమే అయినా, అరుదుగా, ముఖ్యంగా షుగరు అదుపులో లేనివారిలో, ఆ గాయం గుండా చేరిన బ్యాక్టీరియా చర్మం కింది కొవ్వునూ, కండరాలను కప్పి ఉంచే ఫాసియా అనే పలుచని పొరనూ గంటల వ్యవధిలో కుళ్లబెడుతుంది. 1924లో మెలెనీ అనే శస్త్రవైద్యుడు పెకింగులో చూసిన రోగుల ఆధారంగా వర్ణించిన ఈ జబ్బుకు 1952లో విల్సన్ పెట్టిన ‘నెక్రోటైజింగ్ ఫాసియైటిస్’ అన్న పేరే నేటికీ వాడుకలో ఉంది.

పైన చర్మం బాగానే ఉంది కనుక లోపల ప్రమాదం లేదనుకోవడం మొదటి అపోహ. జబ్బు లోపలి పొర వెంట పాకుతుంది కాబట్టి తొలి దశలో చర్మం కాస్త ఎర్రబడి వాచినట్లే కనిపిస్తుంది. కంటికి కనిపించే గాయానికి పొంతన లేనంత నొప్పి ఉండడమే అసలు హెచ్చరిక. తర్వాత అక్కడి నరాలు చచ్చి స్పర్శ పోయినప్పుడు, నొప్పి తగ్గిందని ఇంటివారు ఊరట చెందడం మరింత ప్రమాదకరం.

ఇంజక్షన్లు, సెలైన్లతోనే నయమవుతుందన్నది మరో నమ్మకం. యాంటీబయాటిక్ మందులు తప్పనిసరే గాని, అవి రక్తం ద్వారా చేరవలసినవి. కుళ్లిన చోట రక్తనాళాలు గడ్డకట్టి మూసుకుపోతాయి కనుక మందు అక్కడికి అందదు. అందుకే శస్త్రవైద్యుడు అనుమానమున్న చోట చిన్న కోత పెట్టి వేలితో చూస్తాడు: నెత్తురు సరిగా రాకుండా, అంట్లు కడిగిన నీళ్ల వంటి మురికి ద్రవం ఊరి, గట్టిగా అంటుకొని ఉండవలసిన పొరలు వేలు తగలగానే విడిపోతే, చచ్చిన కణజాలాన్నంతా, నెత్తురు చిమ్మే ఆరోగ్యకరమైన అంచు కనిపించేదాకా, తొలగించవలసిందే. దీనినే డిబ్రైడ్‌మెంట్ అంటారు.

షుగరున్నవారికి కత్తి పెడితే పుండు మానదు, కాలే పోతుంది అన్న మాటే అన్నిటికంటే ఎక్కువ హాని చేస్తోంది. షుగరు వల్ల పుండు నెమ్మదిగా మానుతుందన్నది నిజమే అయినా, ఇన్సులిన్‌తో దానిని అదుపు చేస్తూనే ఆపరేషన్ చేస్తారు. కాలు పోవడానికి తరచుగా కారణమయ్యేది సకాలంలో పెట్టిన కోత కాదు, కోతకు భయపడి చేసిన జాప్యం. 24 గంటలు దాటితే ప్రాణాపాయం కూడా బాగా పెరుగుతుంది. మరునాడు మళ్లీ థియేటరుకు తీసుకెళితే మొదటి ఆపరేషన్ చెడిపోయిందని భావించనక్కరలేదు. కుళ్లు మిగిలిందేమో చూడడం చికిత్సలో భాగమే. పుండు శుభ్రపడ్డాక తొడ చర్మంతో కప్పుతారు.

వాపు అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి, టైము రాసిపెట్టాలి. ఎరుపు ఆ గీత దాటినా, నొప్పి భరించరానిదైనా, చర్మం నల్లబడినా, ఆకుపసర్లతో, పసుపు పట్లతో కాలయాపన చేయక, ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికో, కడప రిమ్స్‌కో వెంటనే బయలుదేరాలి. రాత్రయిందని తెల్లవారేదాకా ఆగవద్దు.