తలకు రంగు అంటితే... కిరసనాయిలు వద్దు, కొబ్బరినూనె చాలు!

సంక్రాంతి నెల రోజులుందనగానే మన ఇళ్లల్లో హడావుడి మొదలవుతుంది. గోడలకు సున్నాలు, తలుపులకూ కిటికీలకూ రంగులు! పెయింటర్ నిచ్చెనెక్కి బ్రష్ విదిలిస్తే కింద సామాన్లు సర్దుకుంటున్న ఇల్లాలి తల మీద నాలుగు చుక్కలు పడనే పడతాయి. "తడిగా ఉందర్రా, ముట్టుకోకండి" అని ఎంత మొత్తుకున్నా, పరుగెత్తుకొచ్చే ఆడపిల్ల జడ తలుపుకి తగలకుండా ఉండదు.

అప్పుడు ఎవరో ఒకరు "కాస్త కిరసనాయిలు రాయండి, ఇట్టే పోతుంది" అని సలహా ఇస్తారు. పెయింటర్ దగ్గర టర్పెంటైన్ సీసా ఎలాగూ సిద్ధం. కానీ బ్రష్షులు కడగడానికి పనికొచ్చేది తలకు పనికిరాదు!

ఎందుకు వద్దంటే...

కిరసనాయిలు, టర్పెంటైన్, థిన్నర్, పెట్రోలు - ఇవి మాడుకు తగిలితే మంట పుడుతుంది, చర్మం ఎర్రబడి పొక్కవచ్చు. వీటితో తడిసిన జుట్టుతో పొయ్యి దగ్గరికి వెళితే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. గోళ్ల రంగు తుడిచే రిమూవర్ కూడా ఈ కోవలోదే. ఇక గ్లాసులో పోసి పక్కన పెట్టిన కిరసనాయిలును మంచినీళ్లనుకుని పసివాళ్లు తాగితే అది ఊపిరితిత్తుల్లోకి చేరి ప్రాణం మీదికి తెస్తుంది. అలా జరిగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ముందు ఏ రంగో తెలుసుకోండి

"ఇందులో ఏం కలిపావు?" అని పెయింటర్ని అడగండి. నీళ్లు అంటే డిస్టెంపరో, ఎమల్షనో. టర్పెంటైన్ అంటే తలుపులకు, గ్రిల్స్‌కు వేసే ఎనామిల్. వదిలించే పద్ధతి దీన్ని బట్టే.

నీళ్లలో కలిపే రంగైతే: ఆరకముందే గోరువెచ్చటి నీళ్లు, షాంపూతో కడిగేస్తే సరి. ఆలస్యమైతే మాత్రం ఎమల్షన్ ప్లాస్టిక్ పొరలా బిగుసుకుపోతుంది, ఉత్త నీళ్లకు లొంగదు. అప్పుడు నూనె పట్టించాల్సిందే.

ఎనామిల్ అయితే: ముందుగా నీళ్లు పోయకండి. తడిగా ఉన్న రంగును పాత నూలుగుడ్డతో, మిగతా జుట్టుకు పులమకుండా, కుదుళ్ల నుంచి చివరికి లాగి తుడవండి. తర్వాత రంగున్న పాయకు రెండు చెంచాల కొబ్బరినూనె ధారాళంగా పట్టించి వేళ్ల మధ్య మెల్లగా నలపండి. పావుగంట, ఇరవై నిమిషాలు నాననిచ్చి మళ్లీ గుడ్డతో తుడవండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే రంగు మెత్తబడి జారుతుంది. కొబ్బరినూనె లేకపోతే వంటనూనె ఏదైనా పరవాలేదు.

మిగిలిన పలుకులను సన్నపళ్ల దువ్వెనతో తీయాలి. కుదుళ్ల దగ్గర జుట్టును ఒక చేత్తో గట్టిగా పట్టుకుని చివరి నుంచి కొంచెం కొంచెంగా పైకి దువ్వుకుంటూ వస్తే పిల్లలకు నొప్పి తెలియదు. చివరగా కుంకుడు రసంతోనో షాంపూతోనో రెండుసార్లు తలంటండి. కుంకుడు రసం కళ్లల్లో పడనీయకండి. ఇంకా కాస్త మిగిలితే మర్నాడు మళ్లీ నూనె పెట్టండి. అంతేగాని గోళ్లతో గీకడం, పీకడం చేయకండి. కత్తెర అన్నిటికన్నా చివరి మాట!

సున్నం సంగతి వేరు

సున్నం ఘాటైన క్షారం. తల మీద పడితే పొడిని ముందు దులిపి, తర్వాత ధారగా నీళ్లు పోసి కడగాలి. దులిపేటప్పుడు కళ్లు మూసుకోవాలి. కంట్లో పడిందా, క్షణం ఆలస్యం చేయకండి! రెప్పలు తెరిచి పట్టుకుని కనీసం ఇరవై నిమిషాలు మంచినీళ్లు ధారగా పోసి, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నెయ్యి, ఆముదం, చనుబాలు వంటివి వేస్తూ కూర్చుంటే చూపుకే ముప్పు.

పాత రంగు గీకుతుంటే

ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలకు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువగా ఉండవచ్చు. వాటిని గరుకు కాగితంతో రుద్దినప్పుడు లేచే దుమ్ము పిల్లలకూ, కడుపుతో ఉన్నవాళ్లకూ మంచిది కాదు. వాళ్లను ఆ గదిలోకి రానీయకండి. పని దగ్గర ఉన్నవాళ్లు ఆ పూటే తలస్నానం చేసి బట్టలు విడిగా ఉతుక్కోవాలి.

రంగు పడకముందే...

రంగులు వేసే రోజు పొద్దున్నే తలకు ఇంత నూనె రాసి, ముడి వేసుకుని, పాత నూలుగుడ్డ బిగించి కట్టుకోండి. నూనె ఉన్న జుట్టుకు రంగు అంత తేలిగ్గా పట్టదు. ఆడపిల్లల జడలు మడిచి రిబ్బను కట్టేయండి. తడి తలుపులకు అడ్డంగా ఒక కుర్చీ వేసి ఉంచండి. గోడకు పట్టిన రంగు పదేళ్లు నిలవాలి గానీ, జుట్టుకు పట్టింది ఒకటి రెండు తలంట్లతో వదిలిపోవాలి కదా!