మూసిన గదుల ఫోమ్: లోపలి వాయువే అసలు సరుకు

పరుపులో వాడే మెత్తని ఫోమ్ నీటిని పీల్చుకొని బరువెక్కుతుంది, థర్మకోల్ మాత్రం నీటిపై తేలుతుంది. రెండూ ప్లాస్టిక్‌ను బుడగలుగా పొంగించి చేసినవే అయినా, మొదటిదానిలో బుడగల గోడలు తెగి ఒక గదినుంచి మరొక గదికి దారి ఏర్పడగా, రెండవదానిలో ప్రతి గదీ అన్నివైపులా మూసుకొని లోపలి వాయువును బంధించి ఉంచుతుంది. ఈ రెండవ రకమే మూసిన గదుల ఫోమ్.

నిశ్చలంగా ఉన్న గాలి వేడిని చాలా మందంగా ప్రసరింపజేస్తుంది. విశాలమైన చోట అదే గాలి కదులుతూ వేడిని మోసుకుపోతుంది, దీనినే ఉష్ణసంవహనం అంటారు. చిన్న గదుల్లో ఆ కదలికకు తావు లేనందువల్లనే, ఘనపరిమాణంలో దాదాపు 98 శాతం గాలే అయిన థర్మకోల్ మంచి ఉష్ణబంధకంగా పనిచేస్తుంది. గుంటూరు మిర్చిని నిల్వచేసే శీతల గిడ్డంగుల వంటి చోట్ల గోడలకూ, ఏసీ రాగి గొట్టాలపై నల్లని రబ్బరు తొడుగుకూ, లైఫ్ జాకెట్లకూ, గాలిమరల రెక్కల నడిమి పొరకూ ఈ జాతి పదార్థాలే ఆధారం.

రిఫ్రిజిరేటర్ గోడ తయారీ వీటన్నిటిలోకీ ఆసక్తికరమైనది. పాలియోల్, ఐసోసయనేట్ అనే రెండు ద్రవాలు కలిసినప్పుడు పుట్టే వేడికి, వాటిలో కలిపిన పొంగించే ద్రవం ఆవిరై, మిశ్రమం బయటి రేకుకూ లోపలి ప్లాస్టిక్‌కూ మధ్య ఖాళీని నింపుతూ గట్టిపడి, రెండింటికీ అంటుకొని పెట్టెకు బిగువును కూడా ఇస్తుంది. ఒకప్పుడు ఇందుకు వాడిన సీఎఫ్‌సీ-11 ఆవిరి గాలితో పోలిస్తే మూడోవంతు వేడిని మాత్రమే ప్రసరింపజేసేది. అయితే అది ఓజోన్ పొరను హరిస్తుందని తేలడంతో 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం దానికి అడ్డుకట్ట వేసింది. దాని స్థానంలో వచ్చిన హెచ్‌సీఎఫ్‌సీ-141బి కూడా ఓజోన్‌కు కొంత హాని చేసేదే కనుక, భారతదేశం 2020 జనవరి 1 నుంచి దానికి స్వస్తి చెప్పింది. ఓజోన్‌కు హాని చేయని సైక్లోపెంటేన్ ఇప్పుడు విరివిగా వాడుకలో ఉన్నా, త్వరగా మండే గుణం వల్ల కర్మాగారంలో గట్టి జాగ్రత్తలు అవసరమవుతాయి.

ఉష్ణాన్ని ఆపడంలో ఇంత సమర్థమైన పదార్థం బలంలో అంతటిది కాదు. సున్నాకు దిగువన 253 డిగ్రీల వద్ద ఉండే ద్రవ హైడ్రోజన్‌ను కాపాడేందుకు కొలంబియా వ్యోమనౌక ఇంధన ట్యాంకుపై వేసిన ఫోమ్‌లో ఒక ముక్క, 2003 జనవరి 16న ప్రయోగ సమయంలో ఊడి ఎడమ రెక్కను తాకగా, ఆ దెబ్బ ఫలితంగా ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ ప్రాణాలు కోల్పోయారు.

గదులు మూసి ఉన్నా వాటి గోడలు వాయువును శాశ్వతంగా ఆపలేవు. ఏళ్లు గడిచేకొద్దీ లోపలిది మెల్లగా బయటికి పోయి, గాలి లోనికి చేరి, ఉష్ణనిరోధకత తగ్గుతుంది. పాత రిఫ్రిజిరేటర్లను ఆరుబయట పగలగొడితే మిగిలిన సీఎఫ్‌సీ ఒక్కసారిగా విడుదలవుతుంది కనుక, ఆ ఫోమ్‌ను మూసిన యంత్రాల్లోనే నలిపి వాయువును పట్టుకోవలసి ఉంటుంది.