ధ్వనివర్ధకంలో తల తెగిన తరంగాలు

దేవరాపల్లి వంటి పల్లెపట్టుల అమ్మవారి తీర్థమునాడు పద్యనాటకం జరుగుతూ ఉండగా, వెనుక వరుసలవారు వినబడలేదని కేకవేయడమూ, మైకువాడు మీట త్రిప్పడమూ పరిపాటి. కొంతదూరం గొంతు పెరుగుతుంది. ఆపైన పెరగదు, చిరుగుతుంది. మాట తెలుస్తూనే ఉంటుంది గాని రాగం రాగంగా ఉండదు. హార్మోనియం శ్రుతితో పొసగని గరగర ఏదో వచ్చి చేరుతుంది. నింద పాడేవాని మీదికో, స్పీకరు మీదికో పోతుంది. దోషం చాలసార్లు ఆ ఇద్దరి నడుమనున్న పెట్టెలో ఉంటుంది.

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెయిన్ అనే శాస్త్రజ్ఞులు తొలి ట్రాన్సిస్టరును పనిచేయించి చూపారు. షాక్లీతో కలిసి వారు 1956లో నోబెల్ బహుమతి అందుకొన్నారు. ఈ పరికరం సంకేతాన్ని పెంచుతుందని పిల్లలు పరీక్షలో వ్రాస్తారు. అది సగం నిజం. తక్కిన సగం, దేవరాపల్లికి చేరువలో శారదానదిపై నున్న రైవాడ జలాశయాన్ని తలచుకొంటే బోధపడుతుంది. ఒక మనిషి తూము తలుపు ఎత్తితే కాలువ నిండుతుంది. కాని ఆ నీరు అతని చేతిది కాదు గదా! ట్రాన్సిస్టరులో బేసుకు అందే స్వల్ప ప్రవాహమే తలుపెత్తే చేయి. కలెక్టరులో పారేదంతా బ్యాటరీ సొమ్ము. తలుపు పూర్తిగా తెరుచుకొన్నాక ఇంకా ఎత్తినందువల్ల నీరు పెరగదు. పూర్తిగా మూసుకొన్నాక ఇంకా అదిమినందువల్ల తగ్గదు. మొదటి హద్దు సాచురేషను, రెండవది కటాఫు. వీటి నడుమ వోల్టేజి ఊగగల మేరయే అవుట్‌పుట్ స్వింగు. ఆ మేర దాటబోయిన తరంగం శిఖరం కత్తిరించినట్లు చదునైపోతుంది. అదే క్లిప్పింగు.

12 వోల్టుల సరఫరా, కలెక్టరుకు 1000 ఓముల నిరోధం ఉన్నవనుకొందాం. ఎమిటరు నేరుగా భూమికి కలిపి ఉన్నది. సంకేతం లేనప్పుడు కలెక్టరు 6 వోల్టుల వద్ద నిలిచేటట్లు బయాసు అమర్చితే 6 మిల్లీఆంపియర్లు ప్రవహిస్తాయి. పైకి 6, క్రిందికి ఇంచుమించు 6 వోల్టుల చోటు. సరఫరాలో సగం దగ్గర నిలపవలెననే సూత్రం ఇందుండి పుట్టినదే. తరగతిలో పాఠం తరచుగా ఇక్కడ ఆగిపోతుంది. చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

కెపాసిటరు ద్వారా మరొక 1000 ఓముల భారం తగిలించి చూడండి. ఇప్పుడు సంకేతానికి ఎదురయ్యేవి సమాంతరంగా నున్న ఆ రెండు నిరోధాలు, అనగా 500 ఓములు. ట్రాన్సిస్టరు పూర్తిగా మూసుకొన్నా తగ్గగల ప్రవాహం 6 మిల్లీఆంపియర్లే. 500తో హెచ్చవేస్తే 3 వోల్టులు. పైకి అంతే చోటు; క్రిందికి మాత్రం 6 వోల్టులదాకా ఉన్నది. కనుక పై శిఖరాలు ముందు తెగుతాయి. బయాసును 8 మిల్లీఆంపియర్లకు పెంచితే కలెక్టరు 4 వోల్టులకు దిగుతుంది; అటూ ఇటూ సమంగా 4 వోల్టులు దక్కుతాయి. భారం చేరిన తరువాత నట్టనడుమ అనేది 6 కాదు, 4.

తెగిన తరంగం కొత్త స్వరాలను కంటుంది. సెకనుకు 200 కంపనాల శుద్ధస్వరం రెండువైపులా సమంగా తెగితే 600, 1000 వంటి బేసి గుణిజాలు పుడతాయి. ఒకవైపే తెగితే 400, 800 కూడా తోడవుతాయి. గొంతూ హార్మోనియమూ ఒకేసారి వచ్చినప్పుడు రెండింటి కంపనాల మొత్తాలూ భేదాలూ కూడా వినిపిస్తాయి. ఇవే శ్రుతికి పొసగనివి.

బ్యాటరీ ముసలిదైనా ఇదే గతి. 9 వోల్టులు 6కు దిగితే ఊగే చోటు మూడింట రెండు వంతులు. అదే స్పీకరుకు అందే గరిష్ఠశక్తి తొమ్మిదింట నాలుగు వంతులే.

మైకువానికి పనికివచ్చేది మరొకటి ఉన్నది. తెగడం మైకును అనుసరించిన మొదటి దశలోనే జరిగితే, చివరి మీట తగ్గించినా గరగర పోదు. చిరిగిన గొంతే మెల్లగా వినిపిస్తుంది. అప్పుడు తగ్గించవలసినది మైకు మీట. పాడేవానిని జానెడు వెనుకకు జరగమన్నా చాలు.