కొత్త కవాటము – పాత తీగ

వార్ధక్యమున కొందరి గుండెలో బృహద్ధమని కవాటము సున్నము పేరుకొని బిరుసెక్కును. రొమ్ము కోయకయే తొడ రక్తనాళము ద్వారా సన్నని గొట్టమును పంపి కొత్త కవాటము నమర్చు పద్ధతిని 2002లో ఫ్రాన్సు దేశపు రువాన్ నగరమున ఆలెన్ క్రిబియే అను వైద్యుడు మొట్టమొదట మానవునిపై ప్రయోగించెను.

ఇందొక చిక్కు కలదు. గుండె పై గదులనుండి క్రింది గదులకు స్పందన సంకేతమును కొనిపోవు తంతువుల కట్ట ఈ కవాటమునకు దిగువనే సాగును. 1893లో దీనిని వర్ణించిన విల్హెల్మ్ హిస్ పేరనే అది ప్రసిద్ధము. ద్వారబంధము బిగించునపుడు గోడలోని కరెంటు తీగ నలిగినట్లు, కొత్త కవాటము విచ్చుకొనునపుడు ఈ కట్ట నలుగవచ్చును. వాపు తీసినంతనే కొందరికి మార్గము మరల తెరచుకొనును. పూర్తిగా మూసికొనిపోయి, తిరిగి తెరచుకొననిచో నాడి మిక్కిలి మందగించును. అట్టివారికి పేస్‌మేకరు అవసరమగును. కట్టయొక్క కుడి శాఖలో ముందే అవరోధ మున్నవారికి ప్రమాద మధికము. కావుననే చికిత్సకు ముందును వెనుకను ఇ.సి.జి. తీసి పోల్చి చూతురు.

ఈ అవరోధము ఇల్లు చేరిన కొన్ని దినములకు సైతము కలుగవచ్చును. కావున మేము గృహస్థులకు మనవి చేయున దొక్కటే. అట్టి రోగి కళ్లు తిరిగి పడినను, స్పృహ తప్పినను, నాడి మరీ నెమ్మదించినను, "ముసలితనపు నీరసము"అని మజ్జిగ యిచ్చి పరుండబెట్టరాదు. తెలివి వచ్చినది గదా యని ఊరకుండనురాదు. తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను. కవాటము చక్కగా పనిచేయుచున్నంత మాత్రమున నాడికి భయము లేదని తలపరాదు.